యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరు: మాటలకు చాలు, పాటకు చాలదు

పాత క్యాసెట్లలోని పాటలను, మాటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవడానికని ఆన్‌లైన్ దుకాణాల్లో రెండు వేల చిల్లర రూపాయలకు అమ్ముతున్న చిన్న యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరును తెప్పించుకుని కొన్ని నెలలుగా వాడుతున్నాను. ఒకే అచ్చులో పోసినట్టున్న ఈ ప్లేయరు రకరకాల పేర్లతో, రకరకాల అట్టపెట్టెల్లో అమ్ముడవుతోంది కనుక ఫలానా కంపెనీదని చెప్పడం వల్ల కొనేవారికి ఒరిగేదేమీ లేదు. నా తీర్పు ముందే చెబుతాను. ప్రసంగాలు, పురాణ కాలక్షేపాలు, ఇంట్లో పెద్దవాళ్ల మాటలు దాచుకోవాలనుకునేవారికి ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. సంగీతం దాచుకోవాలనుకునేవారు మాత్రం ఆ డబ్బును అటక మీద ఉన్న పాత టేప్‌రికార్డరును బాగు చేయించడానికి ఖర్చు పెట్టడం మేలు.

మా దగ్గరున్న క్యాసెట్లు ఎలాంటివో చెబితే ఈ తీర్పు ఎందుకిలా వచ్చిందో తెలుస్తుంది. మాది విజయవాడ సత్యనారాయణపురం. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలను మా నాన్నగారు ఎనభైల్లోనూ తొంభైల్లోనూ శ్రద్ధగా రికార్డు చేసుకునేవారు. పొద్దున్నే వచ్చే భక్తిరంజని, శాస్త్రీయ సంగీత కచేరీలు, రేడియో నాటకాలు వాటిలో ఉన్నాయి. వాటితో పాటు ఆయన తన గురువుగారి దగ్గర చెప్పుకున్న సంగీత పాఠాలు, మా నాయనమ్మ పాడిన మేలుకొలుపులు, మంగళహారతులు, పెళ్ళిళ్ళలో బంధువులంతా కూర్చుని మాట్లాడుకున్న కబుర్లు కూడా ఉన్నాయి. సినిమా పాటల క్యాసెట్లు, పెద్ద కంపెనీలు విడుదల చేసిన భక్తిగీతాల క్యాసెట్లు ఒక పెట్టెడు ఉన్నా వాటి జోలికి పోలేదు. అవి మూల రికార్డింగుల నుంచి తీసిన మంచి ధ్వనితో ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. గంట క్యాసెట్టును ఎక్కించడానికి గంట పడుతుంది, దానికి అడ్డదారి లేదు. ఆ గంటను వేరెక్కడా దొరకని వాటికి కేటాయించడమే తెలివైన పని.

ఇక ప్లేయరు సంగతి. చూడడానికి పాత వాక్‌మన్‌లా ఉంటుంది, కాకపోతే అంతకన్నా తేలిక, ప్లాస్టిక్కు పలచన. యూఎస్‌బీ కేబులు గుచ్చగానే విండోస్ దాన్ని గుర్తిస్తుంది, వేరే డ్రైవరు అక్కర్లేదు. కరెంటు ఆ కేబులు ద్వారానే తీసుకుంటుంది. కావాలంటే రెండు పెన్సిల్ సెల్స్ వేసుకోవచ్చు. పెట్టెలో ఒక చిన్న సీడీ కూడా పెట్టి ఇస్తారు. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటరు ఈ రోజుల్లో ఎవరింట్లో ఉందో వాళ్లకే తెలియాలి గాని, ఉన్నా ఆ సాఫ్ట్‌వేరు అవసరం లేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని 2000లో విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనికి అన్ని విధాలా సరిపోతుంది.

గుర్తించడం వరకు బాగానే ఉంది గాని, విండోస్ ఈ ప్లేయరును టేప్‌రికార్డరుగా కాక మైక్రోఫోనుగా గుర్తిస్తుంది. ఎవరో మైకులో మాట్లాడుతున్నారనుకుని, ధ్వని తగ్గినప్పుడల్లా తానే పెంచి, పెరిగినప్పుడల్లా తానే తగ్గించే సదుపాయాలను దానికి తగిలిస్తుంది. కచేరీలో ఆలాపన సన్నగా మొదలయ్యే చోట టేపు బుస్సుమనే మోత లేచి రావడం, మృదంగం అందుకోగానే పాట వెనక్కి పోవడం దీనివల్లనే. సౌండ్ సెట్టింగుల్లో ఈ పరికరం పేరు మీద నొక్కి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నవన్నీ ఆపివేయాలి. అక్కడే రెండు ఛానెళ్లు, 44,100 హెర్ట్జ్, 16 బిట్ అని ఉందో లేదో కూడా చూసుకోవాలి. నాకు వచ్చిన ప్లేయరులో అది ఒక ఛానెల్‌గా పెట్టి ఉంది, అంటే స్టీరియో క్యాసెట్టు పెట్టినా కంప్యూటరుకు చేరేది మోనోయే. ఈ సర్దుబాట్ల గురించి పెట్టెలోని కాగితంలో ఒక్క ముక్క లేదు.

ధ్వని స్థాయికి ప్లేయరు పక్కనున్న వాల్యూమ్ చక్రమే ఆధారం. దాన్ని సగానికి పైగా తిప్పితే ధ్వని పైకప్పుకు తగిలి తెగిపోతుంది, అలా తెగిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి అతికించలేదు. ఆడాసిటీ మీటరులో అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేట్టు చక్రాన్ని నిలిపి, ఇక దాన్ని ముట్టుకోకుండా ఉండడం మంచిది. తక్కువ స్థాయిలో ఎక్కినదాన్ని తరువాత పెంచుకోవచ్చు.

ఇవి సర్దుకుంటే సరిపోయే విషయాలు. సర్దుకోవడానికి వీల్లేనివి మూడున్నాయి. మొదటిది సన్నటి కూత. యూఎస్‌బీలో సమాచారం మిల్లీసెకనుకు ఒక విడత చొప్పున నడుస్తుంది, అంటే సెకనుకు 1,000 విడతలు. ప్లేయరు లోపల కరెంటును శుభ్రపరిచే భాగాలు సరిగ్గా పెట్టకపోతే అదే 1,000 హెర్ట్జ్ కూతగా రికార్డింగులోకి చొరబడుతుంది. మాటల వెనక అది వినిపించదు. పాటకూ పాటకూ నడుమ నిశ్శబ్దంలో, వీణ తీగ నాదం సన్నగిల్లే చోట స్పష్టంగా వినిపిస్తుంది. సెల్స్ వేస్తే కొంత తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

రెండోది ఆటో రివర్సు. టేపు చివరికి వచ్చి చక్రం ఆగిపోగానే యంత్రం దిశ మార్చుకుని రెండో వైపు పాడడం మొదలుపెడుతుంది. కొత్త క్యాసెట్టుకు ఇది సౌకర్యమే. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న క్యాసెట్టులో టేపు చుట్ట బిగుసుకుపోయి ఉంటుంది; ఈ ప్లేయరు మోటరుకు దాన్ని లాగే బలం లేక చక్రం ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, టేపు అయిపోయిందనుకుని పల్లవి సగంలో ఉండగా రెండో వైపుకు తిరిగిపోతుంది. రికార్డింగు పెట్టి భోజనానికి వెళ్లి వచ్చేసరికి కీర్తన మధ్యలో వేరే రోజు వార్తలు మొదలై ఉంటాయి. క్యాసెట్టును ముందొకసారి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఫార్వర్డు చేసి, తిరిగి రీవైండు చేసి పెడితే చుట్ట సడలి ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఏ ప్లేయరుతో చేసినా ఈ పని తప్పకుండా చేయాల్సిందే.

మూడోదే అసలైనది: వేగం నిలకడగా ఉండదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును తెచ్చినప్పుడు నిర్ణయించిన వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఆ వేగాన్ని ఎగుడుదిగుడు లేకుండా నిలిపేది మోటరు కాదు, టేపును లాగే సన్నటి ఇరుసుకు వెనక వైపు అమర్చిన బరువైన చక్రం. పాత టేప్ డెక్కుల్లో అది అరచేతి వెడల్పున లోహంతో చేసినది. ఈ ప్లేయరులో రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది. చక్రానికి బరువు లేకపోతే మోటరులోని ప్రతి కుదుపూ టేపు మీదకు వస్తుంది. మాట్లాడే గొంతులో ఆ కుదుపు తెలియదు. తంబురా శ్రుతిలో వెంటనే తెలిసిపోతుంది. నాన్నగారి పాఠాల క్యాసెట్టులో గురువుగారు షడ్జం మీద నిలబడినప్పుడు ఆ స్వరం సన్నగా వణుకుతూ వినిపించింది. ఆయన వేయని గమకాన్ని యంత్రం వేస్తోంది. ఈ వణుకును కంప్యూటరులోకి వచ్చాక సరిచేయడానికి మామూలు సాఫ్ట్‌వేరు ఏదీ లేదు.

సంగీతానికి ఇది పనికిరాదని తేలాక నాన్నగారి పాత స్టీరియో డెక్కును కిందికి దించాను. గవర్నరుపేటలో టేప్‌రికార్డర్లు విప్పే మెకానిక్కులు ఇంకా లేకపోలేదు. నేను తీసుకెళ్లిన చోట టీవీలు, యాంప్లిఫయర్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆయన పైమూత తీసి, వేలితో లోపల తడిమి, నల్లటి జిగురు అంటిన ఆ వేలిని నాకు చూపించారు.

"బెల్టు కరిగిపోయింది మాస్టారూ, అంతకన్నా ఏం లేదు. మోటరు బాగుంది, హెడ్డు కూడా అరగలేదు."

"మరి పాడుతుందంటారా?"

"ఎందుకు పాడదండీ, బెల్టు మార్చి, ఈ రబ్బరు రోలరు కూడా మార్చేద్దాం, గట్టిపడిపోయింది. కొత్తగా వచ్చేవాటిలో ఈ మెకానిజం ఎక్కడుందండీ."

రబ్బరు బెల్టు మన ఎండలకు ఏళ్ల తరబడి మగ్గి తారులా కరగడం ఈ యంత్రాలన్నిటిలోనూ మామూలే. ఆ జిగురును స్పిరిట్‌తో తుడిచి, కొత్త బెల్టు, కొత్త రోలరు వేసినందుకు ఆయన తీసుకున్నది యూఎస్‌బీ ప్లేయరు ధరలో సగం కూడా లేదు. ఇచ్చేటప్పుడు టేపు మీది ధ్వనిని చదివే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను చూపించి, "దీన్ని మాత్రం మీ క్యాసెట్టు పెట్టుకుని మీరే తిప్పుకోవాలండీ, నా క్యాసెట్టుకు పెట్టి ఇస్తే మీ దానికి కుదరదు" అన్నారు. ఈ ఒక్క మాటకే ఆయనకు ఎంత ఇచ్చినా తక్కువే.

ఎందుకంటే క్యాసెట్టు ధ్వనిలో స్పష్టత అంతా ఆ స్క్రూ చేతిలోనే ఉంది. హెడ్డులోని సన్నటి చీలిక టేపుకు సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలి. టేపు మీద 10,000 హెర్ట్జ్ ధ్వని ఒక ఆవృతి పట్టే పొడవు 4.76 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు వందల వంతుకు అటూ ఇటూ. చీలిక వెంట్రుకవాసి వాలినా పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తుంది. క్యాసెట్టును రికార్డు చేసిన యంత్రంలో హెడ్డు ఏ వాలులో ఉందో వినిపించే యంత్రంలోనూ అదే వాలు ఉండాలి, కనుక మూడు యంత్రాల మీద రికార్డయిన క్యాసెట్లు మూడు రకాలుగా ఉంటాయి. పద్ధతి కష్టమేమీ కాదు. పాట నడుస్తుండగా హెడ్‌ఫోను పెట్టుకుని, రెండు ఛానెళ్లనూ కలిపి మోనోగా వింటూ, సన్నటి స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి; తాళాల మోత, హల్లుల్లో స, ష పదునుగా వినిపించిన చోట ఆపాలి. పాడైన క్యాసెట్టని పక్కన పడేసిన వాటిలో కొన్ని ఈ ఒక్క సర్దుబాటుతో తెరిపిన పడ్డాయి. నాకు వచ్చిన యూఎస్‌బీ ప్లేయరులో ఆ స్క్రూ వరకు స్క్రూడ్రైవరు వెళ్లే దారే లేదు.

డెక్కుకున్న మరో మేలు డాల్బీ మీట. పై స్వరాల్లోని మెత్తటి ధ్వనులను రికార్డు చేసేటప్పుడు పెంచి, వినేటప్పుడు అంతే తగ్గించి, దానితో పాటే టేపు మోతనూ తగ్గించే పద్ధతి అది. క్యాసెట్టు అట్ట మీద ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టిన రెండు డీ అక్షరాల గుర్తు ఉంటే ఆ మీటను వేయాలి. యూఎస్‌బీ ప్లేయరులో ఇది లేదు కనుక అలాంటి క్యాసెట్లు అందులో గరగరలాడుతూ వినిపిస్తాయి. ఇంట్లో రేడియో, టేపు కలిసిన మామూలు టూ ఇన్ వన్ మీద రికార్డు చేసిన వాటికి ఈ మీటతో పని లేదు. వేస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది.

డెక్కును కంప్యూటరుకు కలపడానికి నడుమ ఒక చిన్న పెట్టె కావాలి. ఇప్పటి లాప్‌టాపులకు ఉండే ఒకే ఒక్క సాకెట్టు హెడ్‌ఫోనుకు, మైకుకు ఉద్దేశించినది. అందులోకి వెళ్లేది మోనో ధ్వని మాత్రమే. నేను బెహ్రింగర్ యూసీఏ202 అనే చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు వాడుతున్నాను. డెక్కు వెనకనున్న ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్ల నుంచి వచ్చే తీగలు నేరుగా ఇందులోకి వెళతాయి. ఇది 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకు తీసుకుంటుంది; క్యాసెట్టులో ఉన్న ధ్వనికి అంతకు మించి అవసరం లేదు. 24 బిట్ లేనిదే పని జరగదని చెప్పేవారున్నారు గాని, క్యాసెట్టు మోతే అంత ఎత్తున ఉన్నప్పుడు దాని కింద సూక్ష్మాలను కొలవడం వృథా. రికార్డింగు స్థాయిని తగ్గించి పెంచే మీట ఈ పెట్టెకు లేదు, డెక్కు లైన్ అవుట్ స్థాయికి తగ్గట్టు తయారైంది కాబట్టి నాకు ఆ లోటు తెలియలేదు. టూ ఇన్ వన్ హెడ్‌ఫోను సాకెట్టు నుంచి తీసుకునేవారు దాని వాల్యూమ్‌ను తక్కువలో పెట్టి మొదలుపెట్టాలి.

పాడించే ముందు హెడ్డును తుడవడం తప్పనిసరి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నీటి పాలు ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడిగితే ఇస్తారు. చెవిపుల్లకు దాన్ని అద్ది హెడ్డు మీద, ఇరుసు మీద రాస్తే పుల్ల గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు పోయి తెల్లగా వచ్చేవరకు పుల్లలు మారుస్తూ తుడవాలి. పాత క్యాసెట్లు రెండు మూడు పాడేసరికి మళ్లీ అదే రంగు వస్తుంది.

ఆడాసిటీలో చేయాల్సినది ఎక్కువేమీ లేదు, చేయకూడనిదే ఎక్కువ. 44,100 హెర్ట్జ్, స్టీరియో అని పెట్టి ఒక వైపు మొత్తాన్ని ఏకబిగిన ఎక్కించాలి. దాని సొంత ప్రాజెక్టు ఫైలు మామూలు అమరికలో గంటకు 1.27 గిగాబైట్లు తీసుకుంటుంది. అందులోంచి 16 బిట్ వేవ్ ఫైలుగా తీస్తే గంటకు సుమారు 635 మెగాబైట్లు, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో తీస్తే దాదాపు సగం, 192 కిలోబిట్ల ఎంపీ3గా తీస్తే 86 మెగాబైట్లు. దాచుకోవడానికి ఫ్లాక్, బంధువులకు వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 వాడుతున్నాను. మోనో టేప్‌రికార్డరు మీద రికార్డయిన క్యాసెట్టునైనా స్టీరియోలోనే ఎక్కించడం మంచిది. మోనో యంత్రం ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున రాసిన గీతను స్టీరియో హెడ్డు రెండు సన్నటి పట్టీలుగా చదువుతుంది. టేపు అంచు నలిగి ఒక పట్టీలో ధ్వని తెగుతుంటే రెండో పట్టీని మాత్రమే ఉంచుకోవచ్చు, రెండూ బాగుంటే కలిపేసుకోవచ్చు, అలా కలిపినప్పుడు మోత కొంత తగ్గుతుంది కూడా.

వేగం సరిచూసుకోవడం మాత్రం ఓపికతో చేయాల్సిన పని, సంగీతానికి ఇది లేకపోతే మిగతాదంతా చేసి ప్రయోజనం లేదు. పాత రికార్డింగు వెనక వినిపించే కరెంటు హోరు 50 హెర్ట్జ్ ఉండాలి గనుక దాన్ని బట్టి వేగం కట్టాలని విదేశాల వాళ్లు చెబుతారు. తొంభైల్లో మన కరెంటు ఒక రోజు 48 దగ్గర, ఒక రోజు 51 దగ్గర నడిచేది కాబట్టి ఆ కొలబద్ద మనకు నమ్మదగినది కాదు. మనకున్న కొలబద్ద శ్రుతి. గురువుగారు ఒకటి శ్రుతిలో పాడేవారని నాన్నగారికి తెలుసు. ఒకటి శ్రుతి అంటే మగవారి షడ్జం 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆడాసిటీలో తంబురా ఒక్కటే వినిపించే భాగాన్ని ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రమ్ చూస్తే శిఖరం 135 దగ్గర కనిపించింది, అంటే నూటికి మూడు వంతులు వేగం ఎక్కువ. అర స్వరానికి తేడా సుమారు ఆరు వంతులు కనుక ఇది అందులో సగం. విద్యార్థికి తేడా తెలియకపోవచ్చు గాని, ఆ పాఠంతో పాటు తంబురా పెట్టుకుని సాధన చేయబోతే శ్రుతి కలవదు. చేంజ్ స్పీడ్ అన్న అమరికలో మైనస్ మూడు వేసి, హార్మోనియం పక్కన పెట్టుకుని విన్నాం. "ఆఁ, ఇదీ ఆయన గొంతు" అన్నారు నాన్నగారు. ఇలా మార్చడం వేగం అంతటా ఒకే తీరుగా తప్పినప్పుడే కుదురుతుంది. యూఎస్‌బీ ప్లేయరులో క్షణక్షణం మారే వేగానికి ఈ మందు పనిచేయదు.

మోత తగ్గించే నాయిస్ రిడక్షన్ గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. పాట లేని చోట టేపు మోతను నమూనాగా చూపిస్తే మొత్తం నుంచి దాన్ని తీసివేస్తుంది. ఆరు డెసిబెల్ వరకు తగ్గిస్తే మాట స్పష్టపడుతుంది. పన్నెండు దాటితే గొంతు తగరపు గొట్టంలోంచి వచ్చినట్టు తయారవుతుంది. నమూనా తీసుకున్న చోట తంబురా మోగుతూ ఉంటే ఆ తంబురాను కూడా మోతే అనుకుని తినేస్తుంది. నగరంలో క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చే స్టూడియోలు ఉన్నాయి. నాయనమ్మ పాటల క్యాసెట్టు ఒకటి ముందు అలాంటి ఒక చోట ఇచ్చి చూశాను. బాగా కుదించిన ఎంపీ3 ఒకటి చేతికి వచ్చింది, మోత అసలు లేదు, పాట చివర ఆమె తీసే ఊపిరి కూడా లేదు. అదే క్యాసెట్టును డెక్కు మీద మళ్లీ ఎక్కించి, శుభ్రం చేయకుండా ఉంచాను. స్టూడియోకు పని ఇచ్చేముందు వేవ్ లేదా ఫ్లాక్ కావాలని, ఏ శుద్ధీ చేయవద్దని అడిగి, అందుకు ఒప్పుకున్న చోటే ఇవ్వాలి.

ఇంతకీ యూఎస్‌బీ ప్లేయరును మూలన పెట్టలేదు. పెళ్ళి కబుర్లు, ప్రసంగాలు, రేడియో నాటకాలు అన్నీ దానిమీదే ఎక్కిస్తున్నాను. లాప్‌టాపు పక్కన పెట్టుకుని వేరే పని చేసుకోవచ్చు, తీగల గొడవ లేదు. దానికి మరో ఉపయోగం కూడా దొరికింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగినప్పుడు మా అక్కయ్య వాళ్ల ఇంట్లో కింది అరలో ఉన్న క్యాసెట్ల పెట్టె బురదనీటిలో నానింది. టేపు పాలియెస్టరుతో చేసినది కాబట్టి నీళ్లకు చెడదు, చెరిచేది అందులోని మట్టి, తరువాత పట్టే బూజు. స్క్రూలున్న క్యాసెట్లను విప్పి, టేపు చుట్టలను విప్పకుండానే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా జాడించి, ఎండలో పెట్టకుండా ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టి, ఖాళీ క్యాసెట్ల డొల్లల్లోకి మార్చాం. బూజు పట్టిన వాటిని విప్పేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. డొల్ల మార్చేటప్పుడు హెడ్డు ఎదురుగా టేపును అదిమిపెట్టే చిన్న దిమ్మె ఊడిపోయి ఉందేమో చూడాలి. వేడికి దాని జిగురు ఎండి రాలిపోతే ధ్వని వచ్చి వచ్చి మాయమవుతుంది.

అలా కడిగిన టేపులో ఎక్కడో ఒక ఇసుక రేణువు మిగిలి ఉండే అవకాశం ఉంటుంది, దాన్ని బాగు చేయించిన డెక్కులో వేసి హెడ్డును గీరించుకోలేను. అందుకని వాటిని మొదట ఈ చిన్న ప్లేయరులో పాడించి, ఒక ప్రతి ఎక్కించుకుని, ఆ తరువాత కూడా టేపు శుభ్రంగా నడుస్తోందని తేలితేనే డెక్కులోకి మారుస్తున్నాను. అక్కయ్య పెట్టెలో చాలావరకు ఇలా వినిపించాయి. అంచులు అతికించేసిన, స్క్రూలు లేని క్యాసెట్లు మాత్రం ఇంకా మిగిలాయి. వాటిని బ్లేడుతో చీల్చాలి, చీల్చాక టేపును పెట్టడానికి స్క్రూలున్న ఖాళీ క్యాసెట్లు కావాలి. గవర్నరుపేట మెకానిక్కు పాత సామానులో చూసి పెడతానన్నారు.